లిస్టింగుకు కట్టిన సొమ్ము దేనికి కట్టినట్టు?

మార్చి నెల దగ్గరపడుతున్నదంటే విశాఖపట్నం ద్వారకానగర్‌లోని మా ఆఫీసుకు లెక్కల సంచులు రావడం మొదలవుతుంది. చిన్న వ్యాపారుల ఖాతాలు రాసి, జీఎస్‌టీ రిటర్నులు వేసే పని నాది. ఏడాదంతా గల్లాపెట్టె అడుగున పోగుపడిన బిల్లులను తీసి, ఒక్కొక్కదాన్ని ఏ ఖర్చు కింద రాయాలో తేల్చే సమయంలో, కొన్నేళ్లుగా నన్ను ఆపుతున్న పద్దు ఒకటి ఉంది. ఆటోనగర్‌లో గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లు చేసే ఒక ఖాతాదారు తెచ్చిన సంచిలో ఆ పద్దు మూడు చోట్ల కనిపించింది: ఒక బిల్లు 17,700 రూపాయలకు, ఇంకొకటి 5,900కు, మరొకటి 2,950కి. మూడింటి మీదా ఆయన తన చేత్తో "లిస్టింగ్" అని రాసుకున్నారు. "ఇవి దేనికి కట్టారండీ?" అని అడిగితే, "నెట్‌లో మన పేరు రావాలి కదండీ, అందుకు" అన్నారు. మూడింటికీ అదే జవాబు.

బిల్లులను చదివి చూస్తే సంగతి వేరుగా ఉంది. మొదటిది ఒక వ్యాపార డైరెక్టరీలో ఏడాది సభ్యత్వానికి, దానితోపాటు వచ్చే ఎంక్వయిరీలకు సంబంధించినది. రెండోది ఆయన వెబ్‌సైటు చిరునామాను 500 డైరెక్టరీలలో నమోదు చేసినందుకు ఒక ఏజెంటు వేసిన బిల్లు. మూడోదాని మీద "ప్రొఫైల్ వెరిఫికేషన్ రుసుము" అని మాత్రమే ఉంది. అంటే ఆయన మూడు వేర్వేరు సరుకులు కొన్నారు గాని, మూడింటినీ ఒకే పేరుతో పిలిచారు. అమ్మినవారు కూడా ఆ పేరుతోనే అమ్మారు. ఈ రంగంలో వచ్చే తగాదాలలో చాలాభాగం అమ్మేవాడు ఒక సరుకును తలచుకుని చెప్పడం వల్ల, కొనేవాడు మరో సరుకును ఊహించుకుని వినడం వల్ల పుడుతున్నాయని నా అనుభవం. అందుచేత ఆ ఒక్క మాటను విప్పి, లోపల ఏమేమి ఉన్నాయో చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక తేడా స్పష్టం కావాలి. గూగుల్ వంటి సెర్చ్ ఇంజిన్ వెబ్‌సైట్లను ఒక యంత్ర ప్రోగ్రాము చేత చదివించి, తన సూచికలో తానే చేర్చుకుంటుంది; ఆ సూచికలో చేరడానికి ఎవరూ రూపాయి కట్టనక్కరలేదు, కట్టినా తీసుకునే ఏర్పాటు లేదు. మన సైటు ఇంకా చేరలేదని అనుమానం ఉంటే, సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సాధనంలో సైటును నమోదు చేసి, పుటల జాబితా అందజేస్తే సరిపోతుంది. డైరెక్టరీ అలాంటిది కాదు. అది మనుషులు, లేదా ఒక సంస్థ, వర్గాల వారీగా పేర్చిన పట్టిక. గ్రంథాలయంలో ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో చెప్పే కార్డుల పెట్టె లాంటిది. ఎవరిని చేర్చాలి, ఎవరిని పైన పెట్టాలి, ఎవరి పక్కన గుర్తు వేయాలి అనేది ఆ పట్టిక యజమాని ఇష్టం. ఆ ఇష్టానికి ధర పెట్టినచోటే మన కథ మొదలవుతుంది.

ఆ ధర మొదట పెట్టినప్పుడు అది ఎంత నిక్కచ్చిగా నిర్వచించబడిందో తెలిస్తే నేటి గందరగోళం మరింత బాగా అర్థమవుతుంది. 1994లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో తమకు నచ్చిన సైట్లను వర్గాలుగా పేర్చుకున్న పట్టికే తర్వాత యాహూ అయింది. సైట్లు వేల సంఖ్యలో వచ్చిపడుతుంటే వాటిని చదివి చేర్చే సంపాదకులకు ఊపిరి ఆడని స్థితి వచ్చింది, దరఖాస్తులు నెలల తరబడి అలాగే పడి ఉండేవి. 1999లో యాహూ వ్యాపార సైట్లకు ఒక వెసులుబాటు కల్పించింది: 199 డాలర్లు కడితే ఏడు పనిదినాలలో మీ సైటును ఒక సంపాదకుడు చూస్తాడు. చూస్తాడు, అంతవరకే. చేర్చుతాడన్న హామీ లేదు, చేర్చకపోతే సొమ్ము తిరిగి రాదు. అమ్మినది పరిశీలన, అది కూడా త్వరగా జరిగే పరిశీలన. 2001 చివరలో ఈ రుసుము వాణిజ్య సైట్లకు ఏడాదికి 299 డాలర్లుగా మారి, ఏటేటా కట్టవలసినదయింది. ఒకసారి చదివి చూసినందుకు ఏటా ఎందుకు కట్టాలన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. రుసుము అంకెతోపాటు అమ్ముడవుతున్న సరుకు కూడా ఆనాడు చడీచప్పుడు లేకుండా మారిందని నాకు అనిపిస్తుంది: పరిశీలనకు ధర పోయి, పట్టికలో కొనసాగడానికి అద్దె వచ్చింది.

దీనికి పోటీగా 1998లో మొదలై, అప్పటి బ్రౌజరు సంస్థ నెట్‌స్కేప్ చేతికి వెళ్లిన ఓపెన్ డైరెక్టరీ, అందరూ డీమాజ్ అని పిలిచినది, స్వచ్ఛంద సంపాదకులతో నడిచి ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. సొమ్ము తీసుకోనిచోట కాలమే రుసుము అయింది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఎదురుచూసినా జవాబు రాని దరఖాస్తులు ఎన్నో. యాహూ డైరెక్టరీ 2014 డిసెంబరులో, డీమాజ్ 2017 మార్చిలో మూతపడ్డాయి.

ఒకసారి కడితే శాశ్వతం అనుకున్నది శాశ్వతం కాకపోవడానికి ఉదాహరణగా ఆస్ట్రేలియా నుంచి ఎదిగిన లుక్‌స్మార్ట్‌ను చెప్పుకోవాలి. ఒకే విడత రుసుము కట్టించుకుని సైట్లను చేర్చుకున్న ఆ డైరెక్టరీ 2002లో పద్ధతి మార్చి, ఇకపై వచ్చే ప్రతి క్లిక్కుకూ సొమ్ము కట్టాలన్నది. పాత ఖాతాదారులు కోర్టుకు ఎక్కారు. వారి వాదన న్యాయమైనదే గాని, ఇటువంటి మార్పుకు వీలు కల్పించే వాక్యం నేటికీ చాలా ఒప్పందాలలో కనిపిస్తుంది. "షరతులను ఎప్పుడైనా మార్చే హక్కు సంస్థకు ఉంది" అన్న ఆ వాక్యాన్ని నా ఖాతాదారులలో ఎవరైనా చదివిన దాఖలా నాకు ఇంతవరకు కనిపించలేదు.

పరిశీలన, అద్దె, క్లిక్కు. వీటి తర్వాత నాలుగోది స్థానం. 1998లో బిల్ గ్రాస్ అమెరికాలో ప్రారంభించిన గోటూ అనే సెర్చ్ సైటు ఈ సరుకును దాపరికం లేకుండా వేలానికి పెట్టింది. ఒక మాటకు ఎవరు ఎక్కువ పాడితే వారి సైటు పైన వస్తుంది; పైగా ఎవరు ఎంత పాడారో ఆ అంకెను ఫలితం పక్కనే అందరికీ కనిపించేలా వేసేవారు. ఆ రోజుల్లో దీన్ని చాలామంది అసహ్యించుకున్నారు గాని, ఆ పారదర్శకత తర్వాతి రోజుల్లో పెద్దగా కనిపించలేదు. అదే సంస్థ ఓవర్చర్‌గా పేరు మార్చుకోగా, 2003లో యాహూ దాన్ని కొనేసింది. గూగుల్ 2000లో మొదలుపెట్టిన ప్రకటనల సేవ యాడ్‌వర్డ్స్ కూడా 2002లో క్లిక్కు వేలం బాట పట్టింది.

పూర్ణా మార్కెట్‌లో గేటు పక్క కొట్టుకు, లోపలి సందు చివరి కొట్టుకు అద్దె ఒకటే ఉండదని మనకు తెలుసు, దానిలో మోసమూ లేదు. కాని డైరెక్టరీలో గేటు ఎక్కడుందో కొనడానికి వచ్చినవారికి కనిపించదు. పైన ఉన్నవాడు మంచివాడై పైన ఉన్నాడో, సొమ్ము కట్టి పైన ఉన్నాడో తెలియదు. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2002 జూన్‌లో సెర్చ్ సంస్థలకు లేఖలు రాసి, సొమ్ముతో వచ్చిన స్థానాన్ని, సొమ్ముతో వచ్చిన చేర్పును వినియోగదారులకు స్పష్టంగా తెలిసేలా చూపాలని చెప్పడానికి కారణం ఇదే. 2013లో మళ్లీ గుర్తుచేయవలసి వచ్చింది. మన దేశంలో 2018 ఫిబ్రవరిలో, వ్యాపార పోటీ సక్రమంగా సాగేలా చూసే కాంపిటీషన్ కమిషన్, సెర్చ్ ఫలితాలలో పక్షపాతం చూపినందుకు గూగుల్‌కు 135.86 కోట్ల రూపాయల జరిమానా విధించినప్పుడు, విమాన టికెట్ల కోసం వెతికేవారికి గూగుల్ చూపిన ప్రత్యేక పెట్టె కూడా ఆ తీర్పులో చర్చకు వచ్చింది. పెట్టె ఎవరిది, ఫలితం ఎవరిది అన్న ప్రశ్నకు పునాది ఆనాటి డైరెక్టరీల దగ్గరే ఉంది.

ఇక మన నేలకు వద్దాం. భారతదేశంలో బాగా తెలిసిన డైరెక్టరీ ఒకటి వెబ్‌లో పుట్టలేదు, ఫోనులో పుట్టింది. 1996లో వి.ఎస్.ఎస్. మణి ముంబయిలో మొదలుపెట్టిన జస్ట్‌డయల్ చాలా ఏళ్లు ఫోను చేసి అడిగేవారికి నంబర్లు చెప్పే సేవగానే నడిచింది. వెబ్‌సైటు ఆ తర్వాత వచ్చింది, 2021లో ఆ సంస్థ రిలయన్స్ రిటైల్ అధీనంలోకి వెళ్లింది. అదే 1996లో మొదలైన ఇండియామార్ట్ తయారీదారులను, టోకు కొనుగోలుదారులను కలిపే దారి పట్టింది. రెండింటిలోనూ పేరు నమోదు చేసుకోవడం ఉచితమే. సొమ్ము తీసుకునేది దాని పైమెట్టుకు: ముందు వరుసలో కనిపించడానికి, కొనుగోలుదారులు పంపిన ఎంక్వయిరీలు ఎక్కువగా మన ఫోనుకు రావడానికి. ఈ ఎంక్వయిరీయే ఐదో సరుకు. వ్యాపారులు దాన్ని "లీడ్" అంటారు. పరిశీలనకో స్థానానికో కట్టినవాడు ఒక చోటును కొంటున్నాడు. లీడుకు కట్టినవాడు ఒక మనిషి ఫోను నంబరును కొంటున్నాడు. ఆ నంబరును ఇంకెవరికి ఇచ్చారన్నదే అసలు ప్రశ్న.

ఎందుకంటే ఒక ఎంక్వయిరీ సాధారణంగా ఒకరికే వెళ్లదు. గాజువాకలో ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన గేటు కావాలని రాస్తే, అది నలుగురైదుగురు ఫ్యాబ్రికేషన్ వారికి చేరుతుంది. ఇందులో కొనేవారికి లాభమే, నాలుగు రేట్లు తెలుస్తాయి. అమ్మేవారి కోణం నుంచి చూస్తే మాత్రం అది మొదట ఫోను ఎత్తినవాడికి దక్కే పందెం. వెల్డింగ్ చేస్తూ కళ్లకు అద్దం, చేతికి తొడుగు ఉన్న మనిషి ఆ పందెంలో, కౌంటరు దగ్గర ఫోను చేతిలో పెట్టుకుని కూర్చున్న మనిషి ముందు ఓడిపోతాడు. ప్యాకేజీ ఒకటే, ధర ఒకటే, ఫలితం మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు.

లెక్క వేసి చూద్దాం. ఏడాదికి 24,000 రూపాయల ప్యాకేజీ అనుకుంటే 18 శాతం జీఎస్‌టీతో 28,320 అవుతుంది. నెలకు 10 ఎంక్వయిరీల చొప్పున ఏడాదికి 120 వస్తే, ఒక్కోటి 236 రూపాయలు పడినట్టు. వాటిలో సగం మనం చేయని పనులకో, ఉద్యోగం అడగడానికో, మనకే ఇంకేదో అమ్మడానికో వచ్చినవని పక్కన పెడితే మిగిలిన 60లో ఒక్కోదాని ఖరీదు 472. పన్నెండింటికి ఒకటి చొప్పున పని కుదిరితే ఐదు పనులు. ఒక్కో పని తెచ్చుకోవడానికి అయిన ఖర్చు 5,664 రూపాయలు. ఇది నేను ఊహించుకున్న లెక్కే, ఎవరి అంకెలు వారు వేసుకోవాలి. కాని లెక్క ఏ దిక్కుకు తిరుగుతుందో గమనించండి: ఒక ఇంటి గేటు మీద 4,000 మిగిలే వ్యాపారికి ఈ ప్యాకేజీ నష్టం, గోదాము రేకుల కప్పు మీద 25,000 మిగిలే వ్యాపారికి అదే ప్యాకేజీ లాభం. డైరెక్టరీ మంచిదా చెడ్డదా అని నన్ను అడిగేవారికి నేను ఎదురు అడిగేది ఇందుకే: మీ ఒక్క పనిలో ఎంత మిగులుతుంది? ఎం.వి.పి. కాలనీలో పళ్ల డాక్టరుకు ఒక రోగి వస్తే ఆ కుటుంబం మొత్తం ఏళ్ల తరబడి వస్తుంది. మద్దిలపాలెంలో టిఫిన్ సెంటరు పెట్టినవారికి ఇడ్లీ కోసం ఎంక్వయిరీ రాదు, జనాన్ని రప్పించేది వాసనే.

జీఎస్‌టీ గురించి ఒక మాట వృత్తిరీత్యా చెప్పక తప్పదు. సాధారణ పద్ధతిలో నమోదైన వ్యాపారి ఆ 4,320 రూపాయల పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకునే రూపంలో, తిరిగి పొందవచ్చు, బిల్లు మీద తన జీఎస్‌టీ నంబరు సరిగ్గా ఉంటే. చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికి, అసలు నమోదు లేనివారికి ఆ వీలు లేదు. అమ్మేవారు "పన్ను ఎలాగూ తిరిగి వస్తుంది కదా" అని అందరికీ ఒకే మాట చెబుతుంటారు.

రుతువును బట్టి నడిచే వ్యాపారాల సంగతి ఇంకొకటి. అరకు, బొర్రా గుహల ప్యాకేజీలు వేసే టూరు నిర్వాహకులకు చలికాలంలో ఫోను ఆగదు. ఎండలు ముదిరితే ఈగలు తోలుకోవలసిందే. వారికి ఏడాది సభ్యత్వం అమ్మితే, ఖర్చు పన్నెండు నెలలకు సమానంగా పరుచుకుంటుంది గాని రాబడి నాలుగు నెలల్లోనే కూడుకుంటుంది. ప్యాకేజీ కింద ఇచ్చిన లీడ్లలో వాడనివి వచ్చే నెలకు మిగులుతాయా, గడువు తీరిపోతాయా అన్నది వీరు ముందుగా అడగవలసిన మొదటి ప్రశ్న.

ఇప్పుడు ఆటోనగర్ ఖాతాదారు రెండో బిల్లు, 500 డైరెక్టరీలలో నమోదు. దీనికి ఒకప్పుడు అర్థం ఉండేది. గూగుల్ 1998లో మొదలైనప్పుడు దాని మూలసూత్రం, ఒక సైటు నుంచి మరో సైటుకు ఇచ్చిన లంకెను (లింకును) ఓటుగా లెక్కించడం. పేరున్న డైరెక్టరీ నుంచి వచ్చిన లంకె బరువైన ఓటు. అందుచేత యాహూకు కట్టిన 299 డాలర్లు, కొన్నేళ్లకు, ఆ డైరెక్టరీలోకి వచ్చి వెతికేవారి కోసం కాకుండా గూగుల్ దృష్టిలో బరువు పెరగడం కోసం కట్టే సొమ్ముగా మారాయి. ఎవరూ చూడని డైరెక్టరీలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చింది అప్పుడే. వాటికి పాఠకులు అక్కరలేదు, లంకెలు అమ్మితే చాలు. గూగుల్ ఊరుకోలేదు. ఓటుగా లెక్కించవద్దని చెప్పే నోఫాలో గుర్తును 2005లో తెచ్చింది. సైటును డైరెక్టరీలలో చేర్చమని తన సూచనల్లో ఉన్న వాక్యాన్ని 2008లో తీసేసింది. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పుతో కొన్న లంకెల మీద ఆధారపడిన సైట్లను కిందికి తోసింది. సొమ్ము ఇచ్చి వేయించుకున్న లంకెకు స్పాన్సర్డ్ అనే గుర్తు పెట్టమని 2019లో చెప్పింది. ఇన్ని జరిగిన తర్వాత కూడా 500 నమోదుల ప్యాకేజీ అమ్ముడవుతోంది. ఆ 5,900 రూపాయలు సముద్రంలో వేసినట్టేనని నా అభిప్రాయం. కాకపోతే సముద్రంలో వేసినది తిరిగొచ్చి హాని చేయదు.

మూడో బిల్లు దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగాను. "ప్రొఫైల్ వెరిఫికేషన్" అంటే ఏమిటని ఆయన్ని అడిగితే, గూగుల్ నుంచే ఫోను వచ్చిందని, మ్యాపులో ఆయన షాపు పేరు ఇంకో రెండు రోజుల్లో తొలగిపోతుందని చెప్పారని, వెంటనే సొమ్ము పంపానని అన్నారు. మ్యాపులో కనిపించే ఆ బిజినెస్ ప్రొఫైల్ పూర్తిగా ఉచితం. చేర్చడానికీ, ధ్రువీకరించడానికీ, కొనసాగించడానికీ గూగుల్ రుసుము తీసుకోదు. ధ్రువీకరణ ఫోను ద్వారానో, ఉత్తరం ద్వారానో, షాపును వీడియో తీసి పంపడం ద్వారానో జరుగుతుంది. ఆ ప్రొఫైల్ పైకి రావడానికి మూడు అంశాలను గూగుల్ చెబుతుంది: వెతికినదానికి మన వ్యాపారం ఎంత తగినది, వెతికే మనిషికి ఎంత దూరంలో ఉన్నది, ఎంత పేరున్నది. సొమ్ము కట్టి ఈ క్రమాన్ని మార్చుకునే వీలు లేదని కూడా అదే చెబుతుంది. సొమ్ముతో వచ్చే ప్రకటన ఉంటుంది గాని, అది స్పాన్సర్డ్ అన్న గుర్తుతో విడిగా వస్తుంది.

ఆ ఫోనులో పోయిన 2,950 రూపాయల కంటే ప్రమాదకరమైనది, అటువంటి ఫోను చేసినవారికి చదివి వినిపించే ధ్రువీకరణ కోడ్. ఆ కోడ్ ఎవరి చేతిలో పడితే ప్రొఫైల్‌కు యజమాని వారే. ఇంకో రూపంలో ఇది మా ఆఫీసుకే జరిగింది. మొదట్లో మా ప్రొఫైల్ తయారు చేసిన ఏజెంటు దాన్ని తన ఈమెయిల్‌తో తెరిచాడు. రెండేళ్ల తర్వాత అతని రెన్యువల్ కట్టడం మానేస్తే, ఒక ఉదయం మా ఫోను నంబరు ఉన్నచోట అతని మరో ఖాతాదారు నంబరు కనిపించింది. ఖాతాదారులు రాసిన సమీక్షలు మావి, నంబరు ఇంకొకరిది. యాజమాన్యం కోరుతూ గూగుల్‌కే దరఖాస్తు పెట్టే విధానం ఉంది, దానితో తిరిగి వచ్చింది గాని, రిటర్నుల గడువు ఉన్న ఆ నెలంతా మా ఫోను మోగలేదు. యజమాని హోదా మన ఈమెయిల్‌లోనే ఉంచుకుని, ఏజెంటుకు మేనేజరు హోదా మాత్రమే ఇవ్వవచ్చునని అప్పుడు తెలుసుకున్నాను.

ఈ కోవకే చెందిన ఇంకో కాగితం ఉంది. డొమైన్ పేరు, అంటే వెబ్‌సైటు చిరునామా, కొన్న కొద్ది రోజులకో, దాని గడువు దగ్గరపడినప్పుడో, అచ్చం ఇన్వాయిస్ లాగే ఉండే ఒక ఉత్తరం వస్తుంది. పైన మన డొమైన్ పేరు, గడువు తేదీ, కట్టవలసిన మొత్తం. చిన్న అక్షరాల్లో చదివితే అది డొమైన్ రెన్యువల్ కాదని, "సెర్చ్ లిస్టింగ్" కోసం ప్రతిపాదన మాత్రమేనని ఉంటుంది. బిల్లులా కనిపించినంత మాత్రాన అది బాకీ కాదు. డొమైన్‌కు కట్టవలసింది దాన్ని ఏ రిజిస్ట్రార్ దగ్గర కొన్నారో వారికే.

మన ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. విశాఖపట్నం, వైజాగ్, వాల్తేరు అని మూడు పేర్లు వాడుకలో ఉన్న నగరం ఇది. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కో పేరును ఒక్కోరు ఒక్కోలా రాస్తారు. ఇంటి నంబరు గీతలతో మూడు ముక్కలుగా ఉంటుంది, కాని మనం దారి చెప్పేది డైమండ్ పార్క్ ఎదురుగా అనో, జగదాంబ సెంటరు దాటాక ఎడమ సందు అనో. ఒక ఏజెంటు ఒక తీరుగా, ఇంకో ఏజెంటు మరో తీరుగా నమోదు చేస్తే, యంత్రం దృష్టిలో అవి రెండు వేర్వేరు షాపులు. సమీక్షలు రెండు చోట్లకు చీలిపోతాయి, పాత ఫోను నంబరు ఒక దానిలో అలాగే మిగిలిపోతుంది. పేరు, చిరునామా, ఫోను నంబరు ఈ మూడూ అన్నిచోట్లా అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండేటట్టు చూసుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు, ఖర్చు ఏమీ లేదు. సొమ్ము కట్టిన ప్యాకేజీల కంటే ఈ పని వల్ల ఎక్కువ మేలు జరిగిన షాపులను నేను చూశాను.

ఒప్పందం, చట్టం సంగతి కొంత. డైరెక్టరీ ప్రతినిధులు ఒకేసారి మొత్తం అడగడం తగ్గించి, నెలనెలా ఖాతా నుంచి వాయిదా పోయేలా బ్యాంకు మ్యాండేట్ రాయించుకోవడం ఇప్పుడు మామూలైంది. "నెలకు రెండు వేలే కదా" అన్న మాట వినడానికి తేలికగా ఉంటుంది. ఆ మ్యాండేట్ ఎన్నాళ్లకు, గరిష్ఠ మొత్తం ఎంత, మధ్యలో మానుకోవాలంటే ఎన్ని రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి అన్నవి సంతకానికి ముందు చదవాలి. కార్డు లేదా యూపీఐ మీద పెట్టిన వాయిదాలకు రిజర్వు బ్యాంకు నియమాలు కొంత రక్షణ ఇస్తాయి: సొమ్ము కోయడానికి కనీసం 24 గంటల ముందు సందేశం రావాలి, 15,000 రూపాయలు దాటిన సాధారణ వాయిదాకు ప్రతిసారీ మన అనుమతి ఉండాలి. ఆ సందేశం వచ్చినప్పుడు చూసుకుంటే ఆపవచ్చు, చూడనివారే ఎక్కువ.

కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు 13 రకాల మాయదారి పద్ధతులను నిషేధించాయి. వాటిలో బయటపడనివ్వని చందా ఉచ్చు, ప్రకటనను ప్రకటన అని తెలియనివ్వకుండా చూపడం ఉన్నాయి. అయితే వ్యాపారి వీటిని పట్టుకుని వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే ఎదురయ్యే మొదటి అభ్యంతరం వేరు: 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, వాణిజ్య ప్రయోజనం కోసం సేవను కొన్నవారిని వినియోగదారు నిర్వచనంలోకి రానివ్వదు. స్వయం ఉపాధి మీద బతికేవారి కోసం చట్టంలో కొంత వివరణ ఉన్నా, ప్రకటన సేవ విషయంలో ఆ వాదన అంత తేలికగా నిలబడదు. ఫిర్యాదు చేయవద్దని నేను అనడం లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు, మోసపు ఫోను అయితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి చెప్పాలి. కాని ఇంట్లో ఫ్రిజ్ కొన్న మనిషికి ఉన్న బలం షాపు కోసం లిస్టింగ్ కొన్న మనిషికి లేదు. ఆ లోటును పూడ్చేది ఒప్పందంలో రాతపూర్వకంగా ఉన్న మాట ఒక్కటే. ఫోనులో ప్రతినిధి ఇచ్చిన "నెలకు ముప్పై లీడ్లు గ్యారంటీ" అన్న హామీని ఈమెయిల్‌లో రాసి పంపమని అడిగి చూడండి. టార్గెట్ ఒత్తిడిలో ఉన్న ఆ అబ్బాయిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. అతను రాసి పంపలేకపోతే, మీ ప్రశ్నకు జవాబు వచ్చినట్టే.

సొమ్ము కట్టాక అది పని చేస్తున్నదో లేదో కొలవడం కూడా అనుకున్నంత కష్టం కాదు. డైరెక్టరీలో వేరే సిమ్ నంబరు ఇస్తే, ఆ నంబరుకు వచ్చిన ఫోన్లన్నీ అక్కడి నుంచి వచ్చినవే. అది వీలుకాకపోతే ఫోను చేసినవారిని "మా నంబరు మీకు ఎక్కడ దొరికిందండీ?" అని అడిగి, ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. డైరెక్టరీ వారి డ్యాష్‌బోర్డులో కనిపించే "వీక్షణలు" అన్న అంకె వారిది. నోటుబుక్కులోని అంకె మనది. రెన్యువల్ సమయంలో రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మాట్లాడడానికి ఒక ఆధారం ఉంటుంది, రేటు తగ్గించమని అడగడానికి కూడా.

ఆటోనగర్ ఖాతాదారు బిల్లులను నేను చివరకు ఇలా రాశాను. 17,700 ప్రకటనల ఖర్చు కింద, దానిలోని 2,700 పన్నును క్రెడిట్‌గా. 5,900 కూడా ఆ పద్దులోనే, ఎందుకంటే సేవ పనికిరానిదైనా బిల్లు నిజమైనదే. మూడో బిల్లు మీద ఉన్న జీఎస్‌టీ నంబరును పోర్టల్‌లో వెతికితే అది ఎవరిదీ కాదు. ఆ 450 రూపాయల పన్నుకు క్రెడిట్ రాదని చెప్పి, మొత్తం 2,950నీ నష్టం కింద చూపాను. అప్పటికే ఆ ఫోను వచ్చి నాలుగు నెలలు దాటినా, 1930కి కూడా చెప్పించాను. మొదటి డైరెక్టరీ రెన్యువల్ జూన్‌లో ఉంది. అప్పటివరకు షెడ్డులో పనిచేసే కుర్రవాడు ఫోను ఎత్తి, అడిగి, రాయాలని నిర్ణయమైంది. నోటుబుక్కులో మొదటి వారం ఏడు ఫోన్లు నమోదయ్యాయి: మూడు డైరెక్టరీ నుంచి, రెండు మ్యాపు చూసి, ఒకటి పక్క వీధి బంధువు చెబితే, ఇంకొకటి మళ్లీ లిస్టింగ్ అమ్మడానికి.